లాక్‌డౌన్‌లో అమ్మానాన్నలు తమ మనసును ఎలా కాపాడుకోవాలి

2020 మార్చి 24 రాత్రి 21 రోజుల లాక్‌డౌన్ అని ప్రకటించగానే మన ఇళ్లలో అందరూ లెక్కలు వేసుకున్నారు. కందిపప్పు ఎంత ఉంది, గ్యాస్ బండ ఎన్నాళ్లు వస్తుంది, పాలు దొరుకుతాయా లేదా. ఆ లెక్కల్లో ఎవరూ వేసుకోనిది ఒకటుంది. పిల్లలు బడికి, పెద్దవాళ్లు పనికి వెళ్లాక ఇంట్లో దొరికే కాస్త ఖాళీ. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అరగంట, ఆఫీసులో స్నేహితుడితో తాగే టీ, పాలప్యాకెట్ కోసం వెళ్లి పక్కింటావిడతో గేటు దగ్గర చెప్పుకునే నాలుగు మాటలు. అవన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. పని మాత్రం రెట్టింపైంది.

ఆ 21 రోజులు పెరుగుతూ పెరుగుతూ మే 31 దాకా సాగాయి. 2021 మేలో మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ, తెలంగాణలో మొదట్లో పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే సడలింపు. తెలంగాణలో చిన్న తరగతుల పిల్లలైతే దాదాపు ఏడాదిన్నర బడి మొహం చూడలేదు. అలాంటి రోజులు మళ్లీ రావని ఎవరూ చెప్పలేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి పై అంతస్తుల్లోనే ఉండిపోయాయి. ఇంట్లో ఒకరికి అంటువ్యాధి సోకినా తలుపు మూసుకోవాల్సిందే. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇంట్లో బందీ అయినప్పుడు మీకు కోపం, దిగులు ఎక్కువైతే అది మీ పెంపకంలో లోపం కాదు. కొవిడ్ మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కో-స్పేస్ అనే అధ్యయనంలో తల్లిదండ్రుల్ని పదేపదే పలకరిస్తూ వచ్చారు. బడులు మూసినప్పుడు వాళ్ల ఒత్తిడి పెరిగింది, తెరిచాక తగ్గింది. అమ్మానాన్నలు వాళ్లే, మారింది పరిస్థితి. కాబట్టి మనం సరిచేయాల్సింది కూడా ముందు పరిస్థితినే. పోయిన ఖాళీలను ఒక్కొక్కటిగా మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవాలి. అది ఎలాగో చూద్దాం.

ముందు, ఏ గంటలో ఊపిరాడట్లేదో పట్టుకోండి

పాత నోట్‌బుక్ వెనక పేజీ చాలు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా గంటలు రాసి, ఏ గంటలో ఏం చేశారో రెండు రోజులు రాయండి. పక్కన ఒక్క గుర్తు పెట్టండి: ఎప్పుడు అరిచారు, ఎప్పుడు ఏడుపొచ్చింది, ఎప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

చాలా ఇళ్లలో ఆ గుర్తులు రోజంతా పరుచుకుని ఉండవు, రెండు మూడు చోట్ల గుంపుగా పడతాయి. ఒకటి పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది దాకా. పొయ్యి మీద పెనం, చిన్నవాడి క్లాసు లింకు ఓపెన్ కాదు, పెద్దదానికి చార్జర్ దొరకదు, ఆయన మీటింగు మొదలవుతుంది, అత్తయ్యగారికి బీపీ మాత్రకి ముందే టిఫిన్ కావాలి. రెండోది సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఆ సమయానికి అందరూ అలిసిపోయి, ఆకలి మీద ఉంటారు. ఆ గంటలు ఏవో తెలిస్తే సగం దారి దొరికినట్టే, ఎందుకంటే రోజంతా మార్చక్కర్లేదు, ఆ రెండు వేళలు మారిస్తే చాలు.

ఒంటిని కూడా గమనించండి. మన దగ్గర మనసు బాలేదని ఎవరూ చెప్పరు. తలంతా బరువుగా ఉంది, గుండె దడగా ఉంది, అన్నం సహించట్లేదు, మూడింటికే మెలకువ వచ్చేస్తోంది అంటారు. మగవాళ్లైతే అదీ చెప్పరు, మాట తగ్గిస్తారు, ఫోన్‌లో తల దూర్చేస్తారు. ఒంట్లో వేరే జబ్బేమీ లేదని తేలాక కూడా ఇవి పోకపోతే మనసువైపు చూడాలి.

పనిని పేర్లతో సహా పంచండి

ఈ దశ మీద ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. కొవిడ్ రాకముందు, 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, ఇంటి పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అంటే ఐదు గంటలకీ గంటన్నరకీ ఉన్నంత తేడా. దానికి బడి మూత, పనమ్మాయి రాకపోవడం, రోజుకి మూడు పూటలా అందరూ ఇంట్లోనే తినడం కలపండి. ఆ ఇంట్లో అమ్మకి ధ్యానం చేయమని, పాజిటివ్‌గా ఉండమని చెప్పడం అన్యాయం. ఆమెకి ముందు కావాల్సింది గిన్నెలు ఇంకొకరు తోమడం.

ఆదివారం పూట అందరూ కూర్చుని ఇంట్లో జరిగే పనులన్నీ రాయండి. అన్నీ అంటే అన్నీ. వంట, గిన్నెలు, బట్టలు ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం, పాలు కాచడం, నీళ్లు పట్టడం, చెత్త బయట పెట్టడం, సరుకుల లిస్టు, క్లాసు టైంటేబుల్, హోంవర్క్ ఫొటోలు టీచర్‌కి పంపడం, పెద్దవాళ్ల మందులు. ప్రతిదాని పక్కన ఒక్కరి పేరే రాయాలి. ‘సాయం చేస్తా’ అనే మాటకి ఇక్కడ చోటివ్వకండి. సాయం అంటే పని ఇంకా అమ్మదే అని అర్థం. గిన్నెలు నాన్న పని అంటే, సబ్బు అయిపోయిందా లేదా చూసుకోవడం, రాత్రే సింకు ఖాళీ చేయడం, పొద్దున ఎవరూ గుర్తు చేయకుండా చేయడం కూడా నాన్న పనే. గుర్తు పెట్టుకుని చెప్పడమే పెద్ద పని. దాన్నుంచి విడుదల దొరికితేనే తల తేలికవుతుంది.

మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది లోపలే దాచుకుంటారు, ఆఖరికి ఏదో ఒక రోజు గిన్నె విసిరికొట్టే దాకా వస్తుంది. ఫలానా గంట గురించి, ఫలానా పని గురించి అడగండి:

‘ఏమండీ, పొద్దున తొమ్మిది నుంచి పదింటి దాకా మూడు పనులు ఒకేసారి మీద పడుతున్నాయి నాకు. ఆ గంట బాబు క్లాసు దగ్గర మీరు కూర్చోండి. మీ పదింటి కాల్‌కి పిల్లలిద్దరినీ నేను పడగ్గదిలో ఉంచుతాను.’

‘నువ్వు అస్సలు పట్టించుకోవు’ అనే మాటకి వచ్చే జవాబు గొడవే. ఒక గంట అడిగితే వచ్చే జవాబు అవును, కాదు, లేదా బేరం. బేరమైనా మంచిదే.

వంట తగ్గించండి. ఇంట్లో ఉన్నాం కదా అని 2020లో జిలేబీల నుంచి పిజ్జా దాకా అన్నీ ఇంట్లోనే చేసిన కుటుంబాలున్నాయి. చేసేవాళ్లకి అది సరదాగా ఉంటే చేయండి, లేకపోతే వద్దు. ఒకసారి రుబ్బిన పిండితో రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు అట్టు, కాస్త పులిశాక ఊతప్పం. మధ్యాహ్నానికి పప్పు, ఒక పచ్చడి, వడియాలు. రెండు కూరలు లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. పెద్దవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. అప్పుడు ఆ మాట కోడలు చెప్పకూడదు, కొడుకే చెప్పాలి: ‘అమ్మా, ఈ నెల రోజులు ఒక్క కూరే. సాయంత్రం నీ చేత్తో కారప్పూస చేసి పెట్టు, పిల్లలు నీ దగ్గరే కూర్చుంటారు.’ ఇలా అడిగితే పెద్దావిడకి ఒక పని, పిల్లలకి ఒక తోడు, కోడలికి ఒక గంట దొరుకుతాయి.

పిల్లలకీ పని ఇవ్వండి. ఐదేళ్లవాడు చెంచాలు సర్దగలడు, పదేళ్ల పిల్ల బట్టలు మడతపెట్టగలదు, పదమూడేళ్లవాడు కుక్కర్ పెట్టగలడు. మగపిల్లాడికి వద్దులే అనే మాట మాత్రం ఇంట్లో వినపడకూడదు.

ఇంకో మాట. పనికి రాలేకపోయిన అమ్మాయికి ఆ నెల జీతం ఇవ్వగలిగితే ఇవ్వండి. ఆమె కూడా ఒక అమ్మే, ఆ ఇంట్లోనూ బడి మూతే.

ఇరుకింట్లో ఒక మూల సంపాదించండి

రెండు గదుల ఇంట్లో ఎవరి గది వాళ్లకి అంటే కుదరదు. చోటు లేనప్పుడు సమయాన్ని పంచుకోవాలి. అమ్మకి రోజుకి అరగంట, నాన్నకి అరగంట. ఆ అరగంట రెండోవాళ్లు డ్యూటీలో ఉన్నట్టు. పిల్లలు పిలిచినా, పాలు పొంగినా, కాలింగ్ బెల్ మోగినా డ్యూటీలో ఉన్నవాళ్లే చూడాలి. ఆ అరగంట పడుకుంటారో, పాటలు వింటారో, ఊరికే గోడ చూస్తూ కూర్చుంటారో ఎవరూ అడగకూడదు.

డాబా ఉంటే దాన్ని వదలకండి. ఉదయం ఐదున్నర, ఆరు మధ్య డాబా మీద నడక నిద్రకి, కోపానికి రెండింటికీ మందే. పొద్దుటి వెలుతురు కళ్లకి తగిలితే రాత్రి నిద్ర వేళకి వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో డాబాకి తాళం వేస్తే అసోసియేషన్‌తో మాట్లాడి అంతస్తుకి ఇరవై నిమిషాల చొప్పున వంతులు పెట్టించండి. ఇవేవీ లేకపోతే కిటికీ దగ్గర ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లని పలకరించకూడదు అన్న నియమం పిల్లలు మీరనుకున్న దానికంటే తొందరగా నేర్చుకుంటారు, మీరు నాలుగు రోజులు గట్టిగా పాటిస్తే.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు లాప్‌టాప్ మూసే టైము చెప్పి మూయండి. మూశాక బట్టలు మార్చుకోండి. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారి ఇప్పుడు లేదు కదా, ఆ చిన్న మార్పే దారి.

చదువు విషయంలో పట్టు సడలించండి

ఒక్క స్మార్ట్‌ఫోన్, ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ పదింటికే క్లాసు. ఈ ఒక్క కారణంతో ఎన్ని ఇళ్లలో యుద్ధాలు జరిగాయో. పెద్ద తరగతి పిల్లకి లైవ్ క్లాసు, చిన్నవాడికి టీచర్ పంపిన రికార్డింగు సాయంత్రం. ఇది మీరే నిర్ణయించి టీచర్‌కి ఒక మెసేజ్ పెట్టండి: ‘మేడమ్, ఇంట్లో ఒకటే ఫోన్. బాబు లైవ్‌కి రాలేడు, హోంవర్క్ రాత్రికి పంపిస్తాం.’ చాలామంది టీచర్లు కూడా ఇంట్లో ఇదే అవస్థలో ఉంటారు, అర్థం చేసుకుంటారు.

ఫోన్ లేకపోయినా దారి ఉంది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో తరగతులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. మళ్లీ బడులు మూస్తే ముందు ఆ టైంటేబుల్ వెతకండి.

అసలు సంగతి, మీ పిల్లవాడు ఆ నెలలో లెక్కల్లో ఒక పాఠం వెనకబడతాడు. పడనివ్వండి. 2020లో రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలే రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఆ పిల్లలు ఇంటర్ చదివారు, డిగ్రీలకీ ఇంజినీరింగ్‌కీ వెళ్లారు. పాఠం తర్వాత నేర్చుకోవచ్చు. రోజూ తొమ్మిదింటికి అమ్మ అరుపు, పదింటికి నాన్న దెబ్బ అని గుర్తుండిపోయిన ఏడాదిని సరిదిద్దడం చాలా కష్టం.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ వంటి సంస్థలు కలిసి తల్లిదండ్రుల కోసం ఇచ్చిన సూచనల్లో మొదటిది నాకు బాగా నచ్చింది. ఒక్కో బిడ్డతో విడిగా రోజుకి ఓ 20 నిమిషాలు, టీవీ, ఫోన్ ఆపేసి, ఏం చేయాలో బిడ్డనే ఎంచుకోమనండి. అష్టాచమ్మా కావచ్చు, పచ్చి వేరుశనక్కాయలు ఒలవడం కావచ్చు, జడ వేయించుకోవడం కావచ్చు. ఈ 20 నిమిషాలు దొరికిన పిల్లలు మిగతా సమయంలో కొంగు పట్టుకుని వేలాడటం తగ్గిస్తారు. మీ అరగంట మీకు దొరకడానికి ఇదే సులువైన దారి.

చెయ్యి లేవబోయే క్షణంలో

పాలగ్లాసు మూడోసారి ఒలికింది. మీ చెయ్యి లేస్తోంది. అప్పుడు చేయాల్సింది: బిడ్డకి దెబ్బ తగిలే ప్రమాదం ఏమీ లేదని చూసుకుని పక్కగదికో, వంటింట్లోకో రెండడుగులు వెనక్కి జరగండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. అలా పదిసార్లు. నిమిషన్నర పడుతుంది. వదిలే గాలి పీల్చే గాలి కంటే పొడుగ్గా ఉండాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే. చంటిబిడ్డ ఆపకుండా ఏడుస్తుంటే ఉయ్యాల్లోనో, కింద పక్క మీదో వెల్లకిలా పడుకోబెట్టి కొన్ని నిమిషాలు పక్కకి వెళ్లినా తప్పు లేదు. కోపంతో పసిబిడ్డను ఊపేయడం మాత్రం ప్రాణాంతకం.

అరిచేశారు, లేదా కొట్టేశారు. అది జరిగాక దాచిపెట్టకండి. చాక్లెట్ ఇచ్చి సరిపెట్టకండి. బిడ్డ ఎత్తుకి కిందికి కూర్చుని చెప్పండి: ‘నాన్నా, ఇందాక గట్టిగా కొట్టాను. అది నా తప్పు. నువ్వు చెల్లి పుస్తకం చింపడం కూడా తప్పే. రా, ఇద్దరం కలిసి అతికిద్దాం.’ పెద్దవాళ్లు క్షమాపణ అడిగితే పిల్లలు లోకువ కడతారని మనవాళ్ల భయం. అలా ఏం జరగదు. కోపం వచ్చాక ఏం చేయాలో వాళ్లు మీ దగ్గరే నేర్చుకుంటారు.

వార్తలకి ఒక వేళ

పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. అంతే. అన్నం తినేటప్పుడు టీవీ ఆపండి. 2021 మేలో ఆక్సిజన్ బెడ్ల మెసేజ్‌లు, చనిపోయినవాళ్ల ఫొటోలు రాత్రి పన్నెండు దాకా గ్రూపుల్లో వస్తూనే ఉండేవి, వాటిని చూస్తూ నిద్రపోయినవాళ్లు లేరు. గ్రూపులు మ్యూట్‌లో పెట్టి, అత్యవసరమైతే ఫోన్ చేయమని దగ్గరివాళ్లకి చెప్పండి.

డబ్బు భయాన్ని కాగితం మీదకి తీయండి

లాక్‌డౌన్‌లో చాలామంది నాన్నల నిద్ర పాడుచేసింది వైరస్ కంటే ఈఎంఐ. జీతం సగమైంది అని ఇంట్లో చెప్పలేక, బడి ఫీజు ఎలా అన్నది ఎవరితోనూ అనలేక కుమిలిపోయారు. ఇద్దరూ కూర్చుని చేతిలో ఉన్నది, రావాల్సింది, కట్టాల్సింది మూడు వరసలుగా రాయండి. దాచిన అప్పు ఉంటే ఆ రోజే చెప్పండి. విన్నవాళ్లు ఆ రోజు కోప్పడవచ్చు, అయినా ఆ బరువు ఒక్కరే మోయడం కంటే ఆ కోపమే నయం.

తర్వాత బ్యాంకుకి ఫోన్ చేయండి, వాయిదా తప్పకముందే. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన మారటోరియం, అంటే అప్పు కిస్తీలు కొన్నాళ్లు ఆపుకునే వీలు, చివరికి ఆగస్టు 31 దాకా సాగింది. అయితే ఆ నెలల్లో వడ్డీ మాత్రం పడుతూనే ఉంది. కాబట్టి గడువు ఇస్తామంటే వడ్డీ సంగతి అడిగి, కట్టగలిగినవాళ్లు కట్టడమే మేలు. పీఎఫ్ ఉంటే అడ్వాన్సు వీలుందా చూడండి, 2020లో కొవిడ్ కోసం ప్రత్యేకంగా ఆ అవకాశం ఇచ్చారు.

ఒక్క హెచ్చరిక. ఐదు నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. 2020 చివర్లో వాటి వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలే తీసుకున్నారు, హైదరాబాద్ ప్రాంత పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఫోన్‌లో కాంటాక్టులు తీసుకుని బంధువులందరికీ మెసేజ్‌లు పెట్టడమే వాళ్ల ఆయుధం. మీ కాంటాక్టులు, ఫొటోలు అడిగే హక్కు అప్పిచ్చే యాప్‌లకి లేదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఇప్పటికే చిక్కుకుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పరువు పోతుందని ఆగకండి, పరువు పోవాల్సింది వాళ్లది.

మాట తోడు

రోజూ ఒకే వేళకి ఒక్క మనిషికి ఫోన్. పదిమంది వీడియో కాల్ కాదు, అందులో అందరూ ‘బాగున్నాం’ అనే అంటారు. అక్కకో, చిన్ననాటి స్నేహితుడికో. సలహా వద్దు, వింటే చాలు అని ముందే చెప్పండి.

కొందరికి ఇది మరీ అవసరం. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో భర్త గల్ఫ్‌లో ఉండి, అత్తమామల్ని, పిల్లల్ని ఒంటిచేత్తో చూసుకునే అమ్మలున్నారు. 2020లో విమానాలు ఆగిపోయి అక్కడాయన పని లేక, ఇక్కడావిడ డబ్బు రాక, ఇద్దరూ ఒకరికొకరు బాధ చెప్పుకోకుండా దాచుకున్నారు. అమెరికాలో బిడ్డను కన్న మన ఆడపిల్లలు అమ్మ రాక కోసం వేసుకున్న టికెట్లు రద్దైపోయాయి. ఇక్కడే ఉన్నా పుట్టింటికి వెళ్లలేకపోయిన బాలింతలు ఎందరో. కాన్పు తర్వాత మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డను ముట్టుకోబుద్ధి కాకపోతే అది డాక్టరు చూడాల్సిన డిప్రెషన్. ‘బాలింతకి అలాగే ఉంటుందిలే’ అని ఊరుకోవద్దు. ఆ ఇంట్లో మగాడు చేయగల మంచి పని రాత్రి ఒకసారైనా బిడ్డను తను ఎత్తుకుని ఆమెని వరసగా నాలుగైదు గంటలు పడుకోనివ్వడం.

ఇంట్లోవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి మాట తోడు ఇంకా ముఖ్యం. 2021లో ఎందరో కన్నవాళ్లని కడసారి చూసుకోలేకపోయారు, పెద్దకర్మకి నలుగురూ రాలేకపోయారు. అలా ఆగిపోయిన దుఃఖం లోపలే ఉండిపోతుంది. రోజులు మామూలయ్యాక ఆలస్యమైనా సరే అందరినీ పిలిచి ఒక పూట వాళ్ల గురించి మాట్లాడుకోండి. పిల్లల ముందు కన్నీళ్లు ఆపుకోనక్కర్లేదు. ‘తాతయ్య గుర్తొచ్చి ఏడుస్తున్నా’ అని కారణం చెబితే చాలు, లేకపోతే వాళ్లు తమ వల్లే అనుకుంటారు.

తాగుడు, దెబ్బలు ఉన్న ఇంట్లో

రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగిపోతే చేతులు వణకడం, చెమటలు, ఎవరో ఉన్నట్టు కనిపించడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. ఎక్కువ ప్రమాదం మొదటి రెండు మూడు రోజుల్లోనే. అది మొండితనం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి. 2020 మార్చి చివర్లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి కేసులు పెద్దఎత్తున వచ్చాయి. ప్రకాశం జిల్లా కురిచేడులో ఆ జూలై చివర్లో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే శానిటైజర్, స్పిరిట్ తాళం వేసి పెట్టండి.

కొడుతుంటే సర్దుకుపోవద్దు. 112 పోలీసు, 181 మహిళలకి, 1098 పిల్లలకి. మాట్లాడే వీలు లేకపోతే పక్కింటివాళ్లతో ఒక గుర్తు ముందే అనుకోండి: ‘పెరుగు తోడు ఉందా’ అని మెసేజ్ వస్తే పోలీసుకి చెప్పమని.

ఇక డాక్టరు కావాలి అని ఎప్పుడు తెలుస్తుంది

రెండు ప్రశ్నలు వేసుకోండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి, ఆనందం లేకుండా ఎన్ని రోజులు గడిచాయి? దిగులుగా, ఆశ లేనట్టుగా ఎన్ని రోజులు ఉన్నారు? ఒక్కోదానికి అసలు లేదంటే 0, కొన్ని రోజులైతే 1, సగం కంటే ఎక్కువ రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నిపుణులతో మాట్లాడాలి. డాక్టర్లు మొదటి చూపుకి వాడే ప్రశ్నలే ఇవి. రోగం తేల్చేది మాత్రం వాళ్లే.

ఇల్లు కదలకుండానే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. ఫోన్ చేయడానికి మీకు జబ్బు ఉండక్కర్లేదు, నిద్ర పట్టట్లేదు అన్నా చాలు. డాక్టరు ఫోన్‌లో, వీడియోలో చూసి మందులు రాయడానికి 2020 మార్చి 25 నుంచే నిబంధనలున్నాయి, ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో ప్రభుత్వ డాక్టర్లు దొరుకుతారు. నేరుగా వెళ్లగలిగితే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు లాక్‌డౌన్ మాట వినగానే డాక్టరునడిగి నెలకి సరిపడా తెచ్చుకోండి, బాగుంది కదా అని ఉన్నట్టుండి ఆపొద్దు.

నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. పక్కనున్న మనిషిని లేపి ఆ మాట అలాగే చెప్పండి. ఇంట్లో ఎవరైనా మీతో ఆ మాట అంటే, తిట్టకుండా, దేవుడి మీద ఒట్టు వేయించుకోకుండా, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, నిద్రమాత్రలు ఉంటే ఇంట్లోంచే తీసేసి వేరే ఇంట్లో పెట్టించండి, ఆ కొన్ని గంటలు దాటించడమే ప్రాణం నిలబెడుతుంది. పక్కన కూర్చునే 14416కి ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేయండి. ప్రమాదం ఇప్పుడే ఉందనిపిస్తే 108.